చోటు

కాశీబుగ్గ బస్టాండు ఎదర
నా కొట్టు వెడల్పు నాలుగడుగులు.
అద్దాల బల్ల, ఒక స్టూలు, హీట్ గన్ను.
సిమ్ము తీసే సూది ఎప్పుడో పోయింది,
చీరపిన్నుతో నడిపిస్తున్నాను.

దాలమ్మ షిఫ్టు దిగి వచ్చింది,
ఒంటినిండా జీడి పొగ.
కొంగు ముడిలో రెండు ఫోన్లు,
ఒకటి చచ్చినది, ఒకటి నిన్న పుట్టినది.

చచ్చినది బాయిలరు పక్క వేన్నీళ్ళ తొట్టిలో పడిందట.
వెనక మూత తీశాను.
బ్యాటరీ బూరెలా పొంగింది,
బోర్డు మీద పచ్చటి చిలుం.
దాని పక్కనే, గూట్లో,
చిటికెనవేలి గోరు కన్నా చిన్న నల్లముక్క.
తుడిచి, ఊది, రీడర్లో పెట్టాను.
కంప్యూటరు కాసేపు ఆలోచించి
తలుపు తీసింది.

పెళ్ళిళ్ళు లేవు. సినిమాలు లేవు. దేవుడి పాటలు లేవు.
అన్నీ కాటాలే.
రోజుకొకటి, నాలుగేళ్ళవి.
ఎనిమిది కేజీల మూడొందలు.
ఎనిమిదీ నూట యాభై.
జొరమొచ్చిన రోజు ఐదు.
ప్రతి ఫోటో మూలన ఆమె బొటనవేలు.

"గుమస్తా పుస్తకంలో ఏడని రాత్తాడు బాబూ.
నాను ఫోటో తీత్తాను."

గూగుల్లో దాచుకోవచ్చు కదా అన్నాను,
కార్డు చచ్చినా పోవు కదా అని.
బొటనవేలు చూపించింది.
జీడి పాలు తిన్న వేలు,
గీత లేదు, సుడి లేదు, గోలీకాయంత నున్నగా ఉంది.
"రేసను మిసను నన్ను నమ్మదు,
బేంకులో మిసనూ నమ్మదు.
దీనికైతే
నానెవురో సెప్పక్కర్లేదు."

కార్డుల సంగతి నాకు తెలియనిది కాదు.
అరవైనాలుగని రాసుంటుంది, లోపల నాలుగే ఉంటుంది.
ఒకసారి నేను తుమ్మితే
మందస వాళ్ళ పెళ్ళి మొత్తం ఎగిరిపోయింది.
అయస్కాంతానికి అంటదు, చీపురుకి దొరకదు,
రెండు గంటలు నేల మీద పాకాను.
అయితే తిత్లీ వెళ్ళిన వారం
టవర్లు పడుకున్నప్పుడు, జనరేటరు పెట్టుకుని
పడిపోకముందు తోటలెలా ఉండేవో
అడిగినోళ్ళకి అడిగినట్టు తీసిచ్చింది
ఈ నల్లముక్కల్లోంచే.

కొత్త ఫోను తిప్పి చూశాను.
తమలపాకులా ఉంది.
పిన్ను గుచ్చితే పళ్ళెం బయటికొచ్చింది,
సిమ్ములకి రెండు గుంటలు, అంతే.

"కార్డుకి గూడు లేదమ్మా దీనికి."
"ఏటీ?"
"ఫోను పల్చగా రావాలని తీసేశారు."

ఆమె కార్డుని వేలికొసకి అంటించుకుని
లైటు కింద పెట్టింది.
పక్కనుంచి చూస్తే గీత, ఎదరనుంచి చూస్తే చుక్క.
"ఇంత సన్నదానికి
సోటు లేకపోడమేటి?"

అమ్మేవాడి దగ్గర ఉండే మాటలన్నీ చెప్పాను.
ఇంటర్నల్లో బోలెడుంది, నూట ఇరవై ఎనిమిది, ఇక నిండదు...
"అదీ తొట్టిలో పడితే?"

పడితే ఏముంది.
కొత్తది నాకే వదిలేసి
అరలో అడుగున ఉన్న పాత ఫోను తీసుకుంది,
ఇటికంత లావు, పగిలిన మూల, మూడు గూళ్ళు.
మిగిలిన డబ్బులకి చిన్న కార్డులు పదకొండు.
"మా బేచీలో పదకొండు మందిమి.
తలా ఒకటి కొట్టు.
సోమారం టెక్కలి ఎల్తన్నాం, లేబరు ఆపీసుకి."

ఒక్కో కాపీకి ఆరు నిమిషాలు.
మధ్యలో ఒకసారి కరెంటు పోయింది.
నాకు పట్టకారు కావాలి, ఆమెకి అక్కర్లేదు.
పప్పు విరగకుండా పొట్టు తీసే గోళ్ళు
ఒక్కోదాన్నీ ఎత్తి
పాత రేషన్ కార్డు కవరులో వరసగా పేర్చాయి.
పదకొండు పెట్టినా కవరు ఉబ్బలేదు.
తన కార్డు మాత్రం ఇటికలోకి తనే నెట్టింది,
టిక్కుమంది.

పలాస ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.
అద్దం మీద ఇంకొకటి మిగిలిపోయింది,
గోరంతది, ముదురు రంగుది.
అయ్యో అని ఊపిరి బిగబట్టి
పట్టకారుతో ఎత్తాక తెలిసింది,
జీడి పొట్టు.